వర్డ్ తనంతట తానే మార్చేస్తోందా? ముందు ఎవరి పనో పట్టుకోండి

పేరా పూర్తయింది. కింద చిన్న విభజనలా ఉంటుందని మూడు అడ్డగీతలు --- కొట్టి ఎంటర్ నొక్కారు. అంతే, పేజీ ఈ చివర నుంచి ఆ చివరి దాకా నల్లటి గీత పడింది. బ్యాక్‌స్పేస్ నొక్కితే పోదు. డిలీట్ నొక్కినా పోదు. మౌస్‌తో పట్టుకుందామంటే చేతికి చిక్కదు.

నాకు మొదటిసారి ఇలా అయినప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గే. దాని మీద తెల్లరంగు డబ్బా ఒకటి గీసి కప్పేశాను. ప్రింట్ చక్కగా వచ్చింది. మర్నాడు పైన రెండు లైన్లు చేర్చగానే గీత కిందికి జారింది, డబ్బా ఉన్నచోటే ఉండి రెండు లైన్లను మింగేసింది. ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉంటే పది సెకన్ల పని.

అందుకే ఈ వ్యాసంలో సెట్టింగుల జాబితా కంటే ముందు ఒక అలవాటు నేర్పుతాను. డాక్యుమెంట్‌లో మీరు అడగని మార్పు కనిపించగానే దాన్ని చెరపడానికి దిగకండి. అది ఎప్పుడు జరిగిందో ఒక్క క్షణం గుర్తు చేసుకోండి. టైప్ చేస్తూ స్పేస్‌బారో ఎంటరో నొక్కగానే మారిందా? ఎక్కడి నుంచో తెచ్చి పేస్ట్ చేశాక మారిందా? ఒకచోట మీరు ఏదో సరిచేస్తే ఇంకోచోట మారిందా? ఫైల్ తెరిచేసరికే మారి ఉందా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు చోట్ల పుట్టే సమస్యలు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. సెట్టింగులన్నీ ఆపేసినా ఇంకా అలాగే చేస్తోందని విసుక్కునేవాళ్లలో చాలామంది తప్పు గది తలుపు తడుతున్నవాళ్లే.

ఇక్కడ ప్రధానంగా విండోస్‌లోని మైక్రోసాఫ్ట్ వర్డ్ గురించి చెబుతున్నాను. మిగతా ప్రోగ్రాముల సంగతి చివర్లో ఉంది.

మొదటి పరీక్ష: ఒక్కసారి కంట్రోల్+జెడ్

మార్పు కనిపించిన వెంటనే, ఇంకేమీ టైప్ చేయకుండా కంట్రోల్+జెడ్ ఒక్కసారి నొక్కండి. వర్డ్ తనంతట తాను చేసిన దిద్దుబాటును మీ టైపింగ్‌తో కలపకుండా విడిగా లెక్కపెట్టుకుంటుంది. కాబట్టి మొదటి నొక్కుకు దాని పని మాత్రమే వెనక్కి పోతుంది, మీరు కొట్టిన అక్షరాలు అలాగే ఉంటాయి. గీత మాయమై --- మళ్లీ కనిపిస్తే దొంగ దొరికినట్టే: ఇది ఆటోకరెక్ట్ పని. అలా కాకుండా మీరు టైప్ చేసిన పదమో, పేస్ట్ చేసిన ముక్కో పోయిందంటే ఆటోకరెక్ట్‌కు సంబంధం లేదు. పేస్ట్, స్టైల్స్ (ఫాంటు, రంగు, దూరం లాంటివన్నీ ఒక పేరు కింద కట్టిపెట్టిన మూటలు) గురించి చెప్పిన చోటికి నేరుగా వెళ్లిపోండి.

పరీక్షగానే కాదు, రోజువారీ మందుగా కూడా ఇది చాలా మంచిది. ఎప్పుడో ఒకసారి వచ్చే ఇబ్బంది కోసం సెట్టింగ్ మార్చనక్కరలేదు. మారింది, కంట్రోల్+జెడ్ కొట్టాం, ముందుకు సాగాం.

బ్యాక్‌స్పేస్‌ది మాత్రం వేరే లెక్క. 1 పక్కన చుక్క పెట్టి స్పేస్ కొడితే వర్డ్ దాన్ని నంబర్ లిస్ట్‌గా మార్చేస్తుంది కదా. అప్పుడు బ్యాక్‌స్పేస్ కొడితే నంబరే పోతుంది. కంట్రోల్+జెడ్ కొడితే నంబర్ ఉంటుంది, కాకపోతే లిస్ట్‌గా కాదు, మీరు కొట్టిన మామూలు అక్షరాలుగా. చాలాసార్లు మనకు కావలసింది ఈ రెండోదే.

మారిన చోట మౌస్ పెడితే ఒక్కోసారి సన్నటి నీలి గీత, దాని మీద మెరుపు గుర్తున్న బుల్లి బటన్ కనిపిస్తాయి. లిస్టులకైతే ఎడమ పక్కన వస్తుంది. దాన్ని నొక్కితే ఈ ఒక్కసారికి రద్దు చేయాలా, ఇకముందు ఇలా చేయడమే మానాలా అని అడుగుతుంది. రెండోది ఎంచుకుంటే అసలు సెట్టింగే ఆగిపోతుంది. సెట్టింగుల్లో వెతుక్కోనక్కర లేకుండా పని ముగించే దగ్గరి దారి ఇదే, కానీ ఆ బటన్‌ను పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఆటోకరెక్ట్ కిటికీ ఎక్కడుంది

ఫైల్ మెనూలోకి వెళ్లి, అడుగున ఆప్షన్స్ నొక్కండి. స్క్రీన్ చిన్నదైతే ఆప్షన్స్ నేరుగా కనబడదు, మోర్ అనే దాని వెనక దాక్కుని ఉంటుంది. ఆప్షన్స్‌లో ఎడమవైపు ప్రూఫింగ్, దానిలో పైనే ఆటోకరెక్ట్ ఆప్షన్స్ అనే బటన్. అది నొక్కితే చాలా ట్యాబులున్న కిటికీ తెరుచుకుంటుంది.

ఇక్కడ చాలామంది ఒక గోతిలో పడతారు, నేనూ పడ్డాను. పక్కపక్కన రెండు ట్యాబులు ఉంటాయి. ఒకదాని పేరు ఆటోఫార్మాట్ యాజ్ యూ టైప్, ఇంకోదాని పేరు ఉత్త ఆటోఫార్మాట్. లోపల కూడా చాలా టిక్కులు ఒకేలా కనిపిస్తాయి. మనం టైప్ చేస్తుండగా వేలు పెట్టేది మొదటిదే. రెండోది, డాక్యుమెంట్ మొత్తాన్ని ఒకేసారి ఫార్మాట్ చేయమని మీరు ప్రత్యేకంగా ఆదేశమిస్తే తప్ప కదలదు. రెండో ట్యాబులో టిక్కులన్నీ తీసేసి, ఏమీ మారలేదేమిటా అని వర్డ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసినవాళ్లు కూడా ఉన్నారు. పేరులో యాజ్ యూ టైప్ ఉందో లేదో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

ఆ ట్యాబ్‌లో మూడు భాగాలుంటాయి. టైప్ చేస్తుంటే అక్షరాలను మార్చేవి పైన, పేరాలను మార్చేవి మధ్యలో, చెప్పాపెట్టకుండా పనిచేసేవి అడుగున.

మధ్య భాగంతో మొదలుపెడదాం, ఎక్కువ చికాకు అక్కడి నుంచే వస్తుంది. ఆటోమేటిక్ బులెటెడ్ లిస్ట్స్, ఆటోమేటిక్ నంబర్డ్ లిస్ట్స్, బోర్డర్ లైన్స్, టేబుల్స్, బిల్ట్-ఇన్ హెడింగ్ స్టైల్స్. నేనైతే ఈ ఐదింటికీ టిక్ తీసేస్తాను. లిస్ట్ కావాలంటే పైన బటన్ ఉంది, టేబుల్ కావాలంటే ఇన్సర్ట్‌లో ఉంది. + గుర్తులూ అడ్డగీతలూ కలిపి +---+---+ అని కొట్టి ఎంటర్ నొక్కితే టేబుల్ పుట్టుకొస్తుందని మీకు తెలియకపోయి ఉండొచ్చు. అది తెలియకుండానే ఆ వరుస కొట్టినవాళ్ల పరిస్థితి ఊహించుకోండి.

పై భాగంలో కొటేషన్ మార్కులను వంపు తిప్పడం, భిన్నాలను ఒకే గుర్తుగా కుదించడం, రెండు అడ్డగీతలను ఒక పొడుగు గీతగా కలపడం, నక్షత్రాల మధ్య రాసిన పదాన్ని బోల్డ్ చేయడం, వెబ్ చిరునామాను నీలిరంగు లింకుగా మార్చడం ఉంటాయి. ఇక్కడ అందరికీ ఒకే సలహా ఇవ్వలేను. కథలు, ఉత్తరాలు, నివేదికలు రాసేవాళ్లకు వంపు కొటేషన్లు అందంగానే ఉంటాయి, ఉంచుకోండి. కంప్యూటర్ ఆదేశాలో, ప్రోగ్రామ్ కోడో, పాస్‌వర్డులో రాసి దాచుకునేవాళ్లు మాత్రం కొటేషన్లకూ అడ్డగీతలకూ ఇప్పుడే టిక్ తీసేయండి. వంపు తిరిగిన కొటేషన్ కంటికి మామూలుదిలాగే ఉంటుంది, కానీ కంప్యూటర్‌కు అది వేరే అక్షరం. వర్డ్‌లో రాసుకున్న ఆదేశాన్ని కాపీ చేసి నడిపితే తప్పు చూపిస్తుంది. అక్షరం అక్షరం పోల్చి చూసినా తేడా కనబడదు, టెన్షన్ మాత్రం పెరుగుతుంది.

అడుగు భాగంలో మూడే ఉంటాయి గానీ గట్టివి. లిస్టులో మొదటి అంశం బోల్డ్ పదంతో మొదలైతే తర్వాతి అంశాన్నీ బోల్డ్‌లోనే మొదలుపెట్టించేది ఒకటి. పేరా మొదట్లో ట్యాబ్ నొక్కితే ట్యాబ్‌కు బదులు పేరా మార్జిన్నే జరిపేది రెండోది. మీరు చేతితో చేసిన ఫార్మాటింగ్ చూసి తనంతట తాను స్టైల్ తయారుచేసేది మూడోది. ఈ మూడోదానికి టిక్ ఉంటే మరో ఆలోచన లేకుండా తీసేయండి.

ఇక ఆటోకరెక్ట్ అనే అసలు ట్యాబ్. ఈ సదుపాయం 1993లో వచ్చిన వర్డ్ 6.0తో మొదలైంది. వేళ్లు తొందరపడి తారుమారు చేసే ఇంగ్లిష్ పదాలను సరిచేయడమే దాని అసలు పని, ఆ పని ఇప్పటికీ బాగానే చేస్తుంది. కాబట్టి దీన్ని మొత్తంగా ఆపేయమని చెప్పను. మీకు అడ్డొచ్చేది ఏదైతే అది మాత్రం తీసేయండి. బ్రాకెట్ల మధ్య ఇంగ్లిష్ సి రాస్తే © గుర్తుగా మారిపోవడం మంచి ఉదాహరణ. నిబంధనల పత్రాల్లో ఏ, బి, సి అని ఉపవిభాగాలు రాసేవాళ్లకు ఇది రోజూ ఉండే తలనొప్పి. కింద జాబితాలో ఆ వరుసను పట్టుకుని డిలీట్ నొక్కితే సరి. వాక్యం మొదటి అక్షరం పెద్దదవడం కూడా ఈ ట్యాబ్‌లోనే ఉంది. చుక్కతో ముగిసే పొట్టి పదం తర్వాత మాత్రమే ఇబ్బందైతే టిక్ తీయకుండా ఎక్సెప్షన్స్‌లో ఆ పదాన్ని చేర్చండి.

రెండు సంగతులు మరచిపోకండి. ఈ టిక్కులు మీ కంప్యూటర్‌లోని వర్డ్‌కు చెందినవి, ఆ ఒక్క ఫైల్‌కు కాదు. మీ ఫైల్‌ను ఇంకొకరు తమ కంప్యూటర్‌లో తెరిచి టైప్ చేస్తే వాళ్ల సెట్టింగే నడుస్తుంది. రెండోది, టిక్ తీసినంత మాత్రాన ఇదివరకే మారిపోయినవి వెనక్కి రావు. వాటిని విడిగా బాగుచేయాలి.

ఇదివరకే పడ్డ మచ్చలు

గీత సంగతి ముందు తేల్చేద్దాం. అది గీసిన గీత కాదు, దాని పైనున్న పేరాకు వేసిన అంచు. అందుకే దాని మీద ఎన్నిసార్లు క్లిక్ చేసినా చిక్కదు. గీతకు సరిగ్గా పైనున్న పేరాలో కర్సర్ పెట్టి, హోమ్ ట్యాబ్‌లో పేరాగ్రాఫ్ భాగంలో ఉండే బోర్డర్స్ బటన్ పక్క బాణం నొక్కి, నో బోర్డర్ ఎంచుకోండి. పోకపోతే పైపేరానూ కిందిపేరానూ కలిపి సెలెక్ట్ చేసి మళ్లీ అదే చేయండి. అడ్డగీతలకు సన్నటి గీత వచ్చినట్టే === కొడితే జంట గీత, *** కొడితే చుక్కల గీత, ~~~ కొడితే అలల గీత పడతాయి. అన్నిటికీ మందు ఇదే.

లింకులకు: ఒకటో రెండో అయితే కుడి క్లిక్ చేసి రిమూవ్ హైపర్‌లింక్. డాక్యుమెంట్ నిండా ఉంటే కావలసిన భాగం సెలెక్ట్ చేసి కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్9 నొక్కితే ఒక్క దెబ్బకు అన్నీ మామూలు అక్షరాలవుతాయి. కానీ జాగ్రత్త, ఈ షార్ట్‌కట్ లింకులనే కాదు, సెలెక్ట్ చేసిన భాగంలో తమంతట తాము మారే ప్రతిదాన్నీ గడ్డకట్టించేస్తుంది. విషయసూచిక కూడా అందులో ఉంటే అది ఇక ఎప్పటికీ అప్‌డేట్ కాదు. సూచికను వదిలేసి మిగతాది మాత్రమే సెలెక్ట్ చేయండి.

వంపు కొటేషన్లన్నీ మామూలుగా మార్చాలంటే ఒక చిట్కా ఉంది. ముందు సెట్టింగ్‌లో టిక్ తీసేయండి. తర్వాత కంట్రోల్+హెచ్ నొక్కి, వెతికే పెట్టెలోనూ మార్చే పెట్టెలోనూ అదే మామూలు " కొట్టి రీప్లేస్ ఆల్ నొక్కండి. అదే దాన్ని అదే దానితో మార్చడమేమిటని నవ్వొస్తుంది గానీ పని జరుగుతుంది. వెతికేటప్పుడు వర్డ్ రెండు రకాలనూ ఒకటిగానే చూస్తుంది, పెట్టేటప్పుడు మాత్రం ఇప్పుడున్న సెట్టింగ్ ప్రకారం పెడుతుంది.

నంబర్ల లిస్టులు

ఆటోమేటిక్ లిస్ట్ ఆపేసినా, లిస్ట్ బటన్‌తో చేసుకున్న లిస్టులు కూడా మాట వినవు. ఎక్కువగా వచ్చే ఫిర్యాదు, కొత్త లిస్ట్ 1తో మొదలవకుండా పాతదాని తర్వాత 7తో మొదలవడం. ఆ నంబర్ మీదే కుడి క్లిక్ చేసి రీస్టార్ట్ ఎట్ 1 ఎంచుకోండి. అలా కాకుండా, కలిసి ఉండాల్సిన లిస్ట్ మధ్యలో 1తో మొదలైతే అదే చోట కంటిన్యూ నంబరింగ్ ఉంటుంది. నంబర్‌ను చెరిపేసి చేత్తో 1 కొట్టకండి. ఇప్పటికి చక్కగా కనిపిస్తుంది, రేపు మధ్యలో ఒక అంశం చేర్చగానే లెక్క మొత్తం తప్పుతుంది.

ఒకే అంశంలో రెండో పేరా రాయాలి, దానికి నంబర్ వద్దు అనుకుంటే ఎంటర్ బదులు షిఫ్ట్+ఎంటర్. లిస్ట్ నుంచి బయటపడాలంటే ఎంటర్ రెండుసార్లు.

పేస్ట్ చేసినప్పుడు

వెబ్‌పేజీ నుంచి నాలుగు వాక్యాలు కాపీ చేస్తే వాటితోపాటు ఫాంటు, రంగు, వెనకాల బూడిదరంగు, లైన్ల మధ్య దూరం అన్నీ కట్టకట్టుకుని వస్తాయి. ఇది ఆటోకరెక్ట్ పని కాదు కాబట్టి ఆ కిటికీలో ఎంత వెతికినా దొరకదు.

పేస్ట్ చేయగానే పక్కన చిన్న బటన్ వస్తుంది. కంట్రోల్ ఒకసారి నొక్కి వదిలి, టి నొక్కితే అక్షరాలు మాత్రమే మిగిలి, మీ డాక్యుమెంట్ రూపంలోకి ఒదిగిపోతాయి. కొత్త వెర్షన్లలో కంట్రోల్+షిఫ్ట్+వి నేరుగా ఈ పని చేస్తుంది. పాత వెర్షన్లలో ఆ షార్ట్‌కట్‌కు వేరే పని ఉంది, కాబట్టి మీ దగ్గర ఒకసారి ప్రయత్నించి చూసుకోండి.

ప్రతిసారీ చేయడం విసుగనిపిస్తే ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి కట్, కాపీ అండ్ పేస్ట్ అనే భాగం చూడండి. ఒకే డాక్యుమెంట్ లోపల, ఒక డాక్యుమెంట్ నుంచి ఇంకోదానికి, స్టైల్స్ ఢీకొన్నప్పుడు, ఇతర ప్రోగ్రాముల నుంచి అని నాలుగు సందర్భాలకు విడివిడిగా చెప్పొచ్చు. చివరిదాన్ని కీప్ టెక్స్ట్ ఓన్లీ చేస్తే వెబ్ నుంచి వచ్చే చెత్త ఆగిపోతుంది. దీనివల్ల టేబుళ్లు కూడా ఉత్త అక్షరాలైపోతాయి, బోల్డ్ పోతుంది. బోల్డ్, ఇటాలిక్ లాంటివి ఉండాలి గానీ ఫాంటు మనదే కావాలంటే మెర్జ్ ఫార్మాటింగ్ మేలు. నేను అదే పెట్టుకున్నాను.

ఒకచోట ముట్టుకుంటే అన్నిచోట్లా మారితే

ఇది నిజంగా భయపెట్టే రకం. ఒక శీర్షికను ఎరుపు చేస్తే డాక్యుమెంట్‌లోని శీర్షికలన్నీ ఎర్రబడతాయి. వైరస్ అనుకున్నవాళ్లున్నారు. అసలు కారణం స్టైల్ లోపల ఒకే ఒక్క టిక్.

హోమ్ ట్యాబ్‌లో స్టైల్స్ వరుసలో ఆ పేరాకున్న స్టైల్ మీద కుడి క్లిక్ చేసి మోడిఫై నొక్కండి. కిందివైపు ఆటోమేటికల్లీ అప్‌డేట్ అని ఉంటుంది. దానికి టిక్ ఉంటే, ఆ స్టైల్ ఉన్న ఒక్క పేరాలో మీరు చేసిన మార్పును స్టైల్ తన మార్పుగా తీసుకుని అన్నిచోట్లా పులిమేస్తుంది. టిక్ తీసేయండి. నార్మల్ స్టైల్‌కు ఆ టిక్కే ఉండదు, వెతక్కండి. కానీ నార్మల్‌తో ఇంకో చిక్కుంది. మిగతా స్టైల్స్‌లో చాలావాటికి అది తల్లివేరు. నార్మల్ ఫాంటు మారిస్తే వాటిలోనూ మారుతుంది. అది లోపం కాదు, స్టైల్స్ పనిచేసే పద్ధతే అంత.

ఈ సమస్య ఆ ఫైల్‌లోనే ఉంటుంది, మీ కంప్యూటర్‌లో కాదు. కాబట్టి ఎవరో పంపిన ఫైల్ ఒక్కటే ఇలా ప్రవర్తిస్తుంటే ముందు ఇక్కడ చూడండి.

ఎందుకిలా ఉందో అర్థం కాని పేరా

ఒక పేరా ఎంత చెప్పినా వినడం లేదు, మధ్యలో పెద్ద ఖాళీ, లేదా ఉన్నట్టుండి తర్వాతి పేజీలోకి దూకింది. ఇలాంటప్పుడు హోమ్‌లో ¶ గుర్తున్న బటన్ నొక్కండి, లేదా కంట్రోల్+షిఫ్ట్+8. దాగి ఉన్న గుర్తులన్నీ బయటపడతాయి. పేరా చివరుండే ¶ లోనే ఆ పేరా ఫార్మాటింగ్ అంతా నిల్వ ఉంటుంది. రెండు పేరాల మధ్యనున్న ఆ గుర్తును చెరిపితే పేరాలు కలిసిపోయి, ఒకదాని రూపం రెండోదానికి అంటుకుంటుంది. తానే మారిపోయిందని మనం అనుకునేవాటిలో కొన్ని నిజానికి మన డిలీట్ నొక్కు పుణ్యమే.

పేరా పక్క మార్జిన్‌లో చిన్న నల్ల చదరం కనిపిస్తే, ఆ పేరాకు పేజీ విభజనకు సంబంధించిన నియమం ఏదో ఉందని అర్థం. పేరాగ్రాఫ్ కిటికీలో లైన్ అండ్ పేజ్ బ్రేక్స్ ట్యాబ్‌కు వెళ్లి కీప్ విత్ నెక్స్ట్, కీప్ లైన్స్ టుగెదర్, పేజ్ బ్రేక్ బిఫోర్ చూడండి. వద్దనుకున్నవాటికి టిక్ తీసేయండి. శీర్షికలకు కీప్ విత్ నెక్స్ట్ ఉండటం మంచిదే, లేకపోతే శీర్షిక ఒక్కటే పేజీ అడుగున మిగిలిపోతుంది.

షిఫ్ట్+ఎఫ్1 నొక్కితే కర్సర్ ఉన్నచోట ఏ ఫార్మాటింగ్ ఉందో, పక్క పలకలో చూపిస్తుంది; ఆ పలక అడుగున డిస్టింగ్విష్ స్టైల్ సోర్స్‌కు టిక్ పెడితే ఏది స్టైల్ నుంచి వచ్చిందో, ఏది చేతితో వేసిందో కూడా తెలుస్తుంది. చేతితో వేసినదాన్ని తీసేయాలంటే రెండు షార్ట్‌కట్లు: అక్షరాల ఫార్మాటింగ్‌కు కంట్రోల్+స్పేస్, పేరా ఫార్మాటింగ్‌కు కంట్రోల్+క్యూ. ఈ రెండూ వేళ్లకు అలవాటైతే సగం తగువులు తీరతాయి.

ప్రతి పేరా తర్వాతా ఖాళీ వస్తోందంటారా, అది తప్పు కాదు, డిఫాల్ట్. వర్డ్ 2007లో పేరా తర్వాత 10 పాయింట్లు, లైన్ల మధ్య 1.15 ఉండేవి. 2013 నుంచి 8 పాయింట్లు, 1.08 అయ్యాయి. పేరాగ్రాఫ్ కిటికీలో ఆఫ్టర్ దగ్గర సున్నా, లైన్ స్పేసింగ్ సింగిల్ చేసి, కింద సెట్ యాజ్ డిఫాల్ట్ నొక్కి, ఇకపై అన్ని డాక్యుమెంట్లకూ అని ఎంచుకుంటే ఇక ఆ మాట రాదు.

తెరిచేసరికే మారి ఉంటే

నిన్న సర్ది సేవ్ చేసిన ఫైల్ ఇవాళ ఇంకోలా తెరుచుకుంటే టెంప్లేట్‌ను, అంటే ఆ డాక్యుమెంట్‌కు అచ్చుగా వాడిన నమూనా ఫైల్‌ను అనుమానించండి. ఆప్షన్స్‌లో యాడ్-ఇన్స్‌కు వెళ్లి, అడుగున మేనేజ్ దగ్గర టెంప్లేట్స్ ఎంచుకుని గో నొక్కితే ఒక చిన్న కిటికీ వస్తుంది. ఆటోమేటికల్లీ అప్‌డేట్ డాక్యుమెంట్ స్టైల్స్‌కు టిక్ ఉంటే, తెరిచిన ప్రతిసారీ టెంప్లేట్‌లోని స్టైల్స్ వచ్చి మీవాటిని తుడిచేస్తాయి. తీసేయండి.

ఫైల్ ఒక్కటే కాదు, కొత్తగా తెరిచే ప్రతి ఖాళీ పేజీ కూడా వంకరగా ఉంటే వాటన్నిటికీ మూలమైన నార్మల్ టెంప్లేట్ ఫైలే (Normal.dotm) పాడైందని అనుకోవచ్చు. వర్డ్ పూర్తిగా మూసేసి ఆ ఫైల్ పేరు మార్చండి, చెరపకండి. వర్డ్ మళ్లీ తెరిస్తే కొత్తది దానంతట అదే తయారవుతుంది. మీ మాక్రోలు (దాచుకున్న ఆదేశాల వరుసలు), మీరు మార్చుకున్న డిఫాల్ట్‌లు పాతదానిలోనే ఉంటాయి కాబట్టి దాన్ని దాచుకోవాలి.

తెలుగులో టైప్ చేసేవాళ్లకు

తెలుగుకు పెద్ద చిన్న అక్షరాల గొడవ లేదు కాబట్టి ఆటోకరెక్ట్ బాధ సగం తగ్గుతుంది. దాని స్థానంలో ఇంకో మూడు వస్తాయి.

తెలుగు, ఇంగ్లిష్ కలిపి రాసేటప్పుడు ఇంగ్లిష్ పదం పక్కన క్లిక్ చేయగానే కీబోర్డు ఇంగ్లిష్‌కు మారిపోతోందా? ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌లో, పక్కనున్న భాషను బట్టి కీబోర్డును మార్చే టిక్ ఒకటి ఉంటుంది. ఆటోమేటికల్లీ స్విచ్ కీబోర్డ్ అని మొదలవుతుంది, అది తీసేయండి. రెండోది, పేజీ అంతా ఎర్ర గీతలు. అంతా సెలెక్ట్ చేసి రివ్యూ ట్యాబ్‌లో లాంగ్వేజ్, సెట్ ప్రూఫింగ్ లాంగ్వేజ్‌కు వెళ్లి తెలుగు ఎంచుకోండి, లేదా స్పెల్లింగ్ చూడొద్దనే టిక్ పెట్టండి. అక్కడే భాషను తానే కనిపెట్టే టిక్‌ను తీసేస్తే మళ్లీ మొదటికి రాదు.

మూడోది, ఫాంటు మార్చినా తెలుగు అక్షరాలు మారకపోవడం. వర్డ్ తెలుగును కాంప్లెక్స్ స్క్రిప్ట్ కింద విడిగా లెక్కేస్తుంది. కంట్రోల్+డి నొక్కితే వచ్చే కిటికీలో ఇంగ్లిష్‌కు ఒక ఫాంటు, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్‌కు ఇంకో ఫాంటు, విడివిడి సైజులు ఉంటాయి. తెలుగుకు కావలసింది రెండోచోట పెట్టాలి.

వర్డ్ కాకపోతే

లిబ్రే ఆఫీస్ రైటర్‌లో టూల్స్ మెనూలో ఆటోకరెక్ట్ ఆప్షన్స్ ఉంటుంది. ఒక్కో వరుసకు రెండేసి టిక్ గడులు. ఒకటి ఉన్నదాన్ని సరిచేసేటప్పుడు, ఇంకోటి టైప్ చేసేటప్పుడు. మనకు కావలసింది రెండోది. సగం పదం కొట్టగానే మిగతా సగం తానే చూపించడం చిరాకైతే వర్డ్ కంప్లీషన్ ట్యాబ్‌లో ఆపండి. మొత్తాన్నీ ఒక్కసారిగా ఆపాలంటే టూల్స్, ఆటోకరెక్ట్, వైల్ టైపింగ్ టిక్ తీస్తే చాలు. ఈ విషయంలో రైటర్‌దే మంచి మర్యాద.

గూగుల్ డాక్స్‌లో టూల్స్, ప్రిఫరెన్సెస్. లింకులు, లిస్టులు, కొటేషన్లు, పెద్దక్షరాలు అన్నీ ఒకే చోట ఉంటాయి, పక్క ట్యాబ్‌లో మార్చే పదాల జాబితా. రూపం తుడిచేయడానికి కంట్రోల్+\ నొక్కాలి.

అన్నీ ఆపినా ఇంకా మారుతోందంటే ప్రోగ్రామ్‌ను వదిలేసి దాని కిందున్నదాన్ని చూడండి. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని కీబోర్డ్ విభాగమే కొటేషన్లు తిప్పుతుంది, రెండు స్పేసులను చుక్కగా మారుస్తుంది. ఫోన్‌లో ఆ పని చేసేది కీబోర్డు యాప్. బ్రౌజర్‌లో వ్యాకరణం దిద్దే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని మరచిపోయి ఉండొచ్చు కూడా.

ఎక్సెల్ గురించి ఒక్కమాట, అది వర్డ్ ప్రాసెసర్ కాకపోయినా. మార్చ్1 అనే జన్యువు పేరును అది మార్చి 1వ తేదీగా మార్చేస్తుండేది. ఇలాంటి పేర్లతో వేగలేక, మనుషుల జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ చివరికి జన్యువుల పేర్లనే మార్చుకుంది, 2020లో ఆ సంగతి ప్రకటించింది. ఎక్సెల్‌లో ఆ మార్పిడిని ఆపే సెట్టింగ్ 2023లో గానీ రాలేదు.

ఇప్పుడు కొత్త ఖాళీ డాక్యుమెంట్ తెరవండి. ఒక లైన్ రాసి ఎంటర్ నొక్కి, --- కొట్టి మళ్లీ ఎంటర్ నొక్కండి. 1 పక్కన చుక్క, స్పేస్, ఒక పదం, ఎంటర్. కొటేషన్లలో ఒక పదం, ఒక వెబ్ చిరునామా, తర్వాత స్పేస్. మూడు అడ్డగీతలు మూడు అడ్డగీతల్లాగే మిగిలి, 2 అనే నంబర్ తనంతట తాను పుట్టకుండా, చిరునామా నల్లగానే ఉంటే మీ టిక్కులు సరిగ్గా పడ్డట్టే. ఏదైనా ఒకటి ఇంకా మారితే, కంట్రోల్+జెడ్ ఒక్కసారి కొట్టి ఏం వెనక్కి పోయిందో చూడండి.